ఎర్ర కార్డు చూపించాక కూడా ఆగని వక్తను మధ్యలో ఆపేయాలా?

సభాముఖం:
మా పబ్లిక్ స్పీకింగ్ క్లబ్ మీటింగ్ గంటన్నర. మూడు ప్రిపేర్డ్ స్పీచ్‌లు, ఆ తర్వాత అప్పటికప్పుడు టాపిక్ ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే టేబుల్ టాపిక్స్, చివర్లో ఒక్కో స్పీచ్ ఎలా ఉందో ఒకరు లేచి చెప్పే ఎవాల్యుయేషన్లు. ఈ వారం సభ నడిపే బాధ్యత నాది. రెండో వక్త మా అందరికీ సీనియర్, చాలా బాగా మాట్లాడతారు. ఆయనకిచ్చింది ఐదు నుంచి ఏడు నిమిషాలు. టైమర్ ఐదుకి పచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎర్ర కార్డు చూపించారు. ఎరుపు చూసి ఆయన తలూపి, ‘ఒక్క చిన్న సంఘటన చెప్పి ముగిస్తాను’ అన్నారు. ముగించేసరికి పదకొండు నిమిషాలు దాటింది. హాలు ఖాళీ చేయాల్సిన టైమ్ ముంచుకొచ్చి, ఆఖరి ఎవాల్యుయేటర్‌కి ఒక్క నిమిషమే మిగిలింది. ఆ ఎవాల్యుయేషన్ ఎవరిదంటే, ఆరోజే మొదటిసారి స్టేజీ ఎక్కిన అమ్మాయిది. పాపం, నోట్‌బుక్ తెరిచి పెన్ను పట్టుకుని కూర్చుంది. ‘బాగా మాట్లాడావు, ఇంకాస్త జనం వైపు చూడు, ఆల్ ది బెస్ట్.’ అంతటితో అయిపోయింది.

ఇప్పుడు కమిటీలో రెండు వాదనలు. ఎరుపు తర్వాత 30 సెకన్లు చూసి, అప్పటికీ ఆగకపోతే గంట కొట్టి, సభ నడిపేవారు చప్పట్లు మొదలుపెట్టి ఆపేయాలని కొందరు అంటున్నారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లని మధ్యలో ఆపడం మర్యాద కాదని మిగతావాళ్లు. మీ క్లబ్బుల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

తొలివరుస:
ఆపాలండీ. ఇందులో నాకు అనుమానమే లేదు.

అజెండా ఒకసారి ముందు పెట్టుకుని లెక్క వేయండి. స్పీచ్‌లు ముందు, ఎవాల్యుయేషన్లు వెనక. కాబట్టి ముందు ఎవరు ఎంత దాటినా కోత పడేది వెనకవాళ్లకే. ముగ్గురు వక్తలూ తలా నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే 12 నిమిషాలు. ఎవాల్యుయేటర్లకు మనం ఇచ్చేది తలా మూడు నిమిషాలు, ముగ్గురికీ కలిపి 9. అంటే మొత్తం ఎవాల్యుయేషన్ సెషన్ మింగేసినా ఆ అప్పు తీరదు! 

క్లబ్బుకి మనం వచ్చేదే ఆ మూడు నిమిషాల కోసం. మాట్లాడటానికైతే చోట్లు చాలా ఉన్నాయి. మన మాట విని, ఎక్కడ తడబడ్డామో, ఏది బాగా అందిందో వెంటనే ఎదురుగా చెప్పేవాళ్లు ఇంకెక్కడా దొరకరు. 1924లో రాల్ఫ్ స్మెడ్లీ అమెరికాలోని శాంటా అనాలో టోస్ట్‌మాస్టర్స్ అనే పబ్లిక్ స్పీకింగ్ క్లబ్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ పద్ధతికి ప్రాణం అదే. ఆ సీనియర్ గారు తీసుకున్న నాలుగు నిమిషాలు ఆ అమ్మాయివి. ఆయనని ఆపడం అమర్యాద అంటున్నారు, మరి ఆమెకి జరిగినదాన్ని ఏమనాలి?

నిదానం:
తొలివరుస గారూ, మీ లెక్క సరైనదే. కానీ మీరు ఒకరకం వక్తనే దృష్టిలో పెట్టుకుని రూల్ రాస్తున్నారు. రూల్ అన్నాక అది అందరి మీదా పడుతుంది.

మా క్లబ్‌లో నత్తితో మాట్లాడే సభ్యుడున్నారు. రాసుకున్న స్పీచ్ చిన్నదే. కానీ ఒక్కో మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకోవాలి. టైమ్ తరుముతోందంటే ఆయనకి ఆ ఆగడం ఇంకా ఎక్కువవుతుంది. ఆయన స్పీచ్ ఆఖరి వాక్యానికి వచ్చినప్పుడు గంట కొడతారా? మొదటి స్పీచ్‌లో మధ్యలో మాట మర్చిపోయి, గొంతు తడారిపోయి, అరనిమిషం తర్వాత దారి దొరికి మళ్లీ మొదలుపెట్టినవాళ్ల సంగతేంటి? ఆ దారి దొరకడమే వాళ్లు ఆరోజు సాధించింది. అప్పుడు చప్పట్లు కొట్టి కూర్చోబెడితే వాళ్లు మళ్లీ రారు. వచ్చేవారం ఫోన్ చేస్తే ‘ఆఫీసులో పనుందండీ’ అంటారు.

ఇంకొకటి. స్పీచ్ ముగింపుకి ఎంతో కష్టపడతాం. ముగింపు లేకుండా దింపేసిన స్పీచ్‌ని ఎవాల్యుయేట్ చేయడం కూడా కష్టమే.

టైమర్‌బల్ల:
ఆపాలా వద్దా అనే ముందు, అసలు వక్తకి కార్డు కనపడుతోందా అన్నది చూడండి. నేను టైమర్ రోల్ ఇష్టపడి తీసుకుంటాను. దాటిపోయేవాళ్లలో చాలామంది మొండివాళ్లు కాదు, చూడనివాళ్లు.

టైమర్ ఎక్కడో పక్కన, గోడ వారగా కూర్చుంటారు. పచ్చ కార్డు రెండు సెకన్లు ఎత్తి దించేస్తారు. టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ రెండు సెకన్లలో అటు ఎందుకు చూస్తాడు? టైమర్ కూర్చోవాల్సింది హాలు వెనక, సరిగ్గా మధ్యలో. వక్త కళ్లకు ఎదురుగా ఉండాలి. కార్డు ఎత్తితే వక్త చూశారని తెలిసేదాకా దించకూడదు. ఎరుపు ఎత్తాక ఇక దించడమే లేదు. ఆన్‌లైన్ మీటింగ్‌లో అయితే టైమర్ తన బ్యాక్‌గ్రౌండ్‌నే పచ్చ, పసుపు, ఎరుపుగా మార్చాలి. వక్త స్లైడ్లు షేర్ చేస్తున్నప్పుడు టైమర్ బొమ్మ పక్కకి పోతుంది కాబట్టి, దాన్ని పిన్ చేసుకోమని ముందే చెప్పాలి.

ఇక వక్తల వైపు నుంచి. ఇంట్లో ఒక్కరే చదువుకుంటే ఆరున్నర వచ్చిందని ధీమాగా వస్తారు. జనం ముందు నవ్వులకి ఆగాలి, చప్పట్లకి ఆగాలి, ఎవరైనా తలుపు తీసుకుని వస్తే ఆగాలి. అదే స్పీచ్ ఎనిమిది అవుతుంది. నిమిషానికి ఇన్ని మాటలని ఇంగ్లీషువాళ్లు చెప్పే లెక్క మన తెలుగు స్పీచ్‌కి కుదరదు, మన మాటలు పొడవు. ఆరు నిమిషాలకే రాసుకోండి. పచ్చ కార్డు వచ్చేసరికి స్పీచ్‌లో ఏ వాక్యం దగ్గరుండాలో కాగితం మీద గీత పెట్టుకోండి. గీత దాటకముందే పచ్చ వచ్చేస్తే ఏ ఉదాహరణ వదిలేయాలో కూడా ముందే తేల్చుకోండి.

తొలివరుస:
టైమర్‌బల్ల గారి మాటలన్నీ ప్రింట్ తీసి అంటించుకోదగ్గవి. కానీ ప్రశ్న అలాగే ఉంది. ఆ సీనియర్ గారు కార్డు చూశారు, తలూపారు, ఆ తర్వాతే నాలుగు నిమిషాలు మాట్లాడారు.

పరిమితి పెట్టకపోయినా, పెట్టి అమలు చేయకపోయినా ఏమవుతుందో ఐక్యరాజ్యసమితిని చూస్తే చాలు. 1960లో ఫిడెల్ కాస్ట్రో అక్కడ దాదాపు నాలుగున్నర గంటలు మాట్లాడారు. సర్వసభ్య సభ సాధారణ చర్చలో ఇప్పుడు 15 నిమిషాల పరిమితి ఉన్నా, అది స్వచ్ఛందం కాబట్టి దాటేవాళ్లు దాటుతూనే ఉంటారు. మన దగ్గరే పోటీల్లో చూడండి. ఏడు నిమిషాల స్పీచ్ ఏడున్నర దాటితే డిస్‌క్వాలిఫై. పోటీ అనగానే ఇదే సీనియర్లు ఏడు లోపే చక్కగా ముగిస్తారు. అంటే చేతకాక కాదు.

నిదానం గారు చెప్పిన నత్తి సంగతి నేను కొట్టిపారేయను. ఆయనకి పది నిమిషాలు కావాలంటే అజెండాలోనే పది వేయండి, ఆరోజు మూడు స్పీచ్‌ల బదులు రెండే పెట్టండి. కార్డులు కూడా ఆ పదికి తగ్గట్టే చూపించండి. ముందే ఇచ్చిన టైమ్ ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు. స్టేజీ మీద నిలబడి తనకి తానే ఇచ్చుకునే టైమ్ గురించే నా గొడవంతా.

నిదానం:
ముందే అజెండాలో వేయడం నాకు నచ్చింది, దానికి ఒప్పుకుంటున్నాను. మొదటి స్పీచ్ ఇచ్చేవాళ్లకీ అలాగే రెండు నిమిషాలు వెసులుబాటు పెట్టండి. ఐస్ బ్రేకర్‌కి, అంటే ఆ మొదటి స్పీచ్‌కి, ఎలాగూ నాలుగు నుంచి ఆరు నిమిషాలే కాబట్టి, రెండు కలిపినా ఎనిమిదిలో అయిపోతుంది.

గంటకి మాత్రం ఒప్పుకోను. గంట మోగితే హాల్లో ఉన్న ప్రతి కొత్త మనిషీ ఉలిక్కిపడతాడు, రేపు నా మీదా ఇదే మోగుతుందని. సభ నడిపేవారికి కాళ్లున్నాయి కదా. ఏడున్నర కాగానే లేచి, నడిచి వెళ్లి, వక్తకి రెండడుగుల దూరంలో నవ్వు ముఖంతో నిలబడితే చాలు. పక్కన మనిషి నిలబడి ఉండగా కొత్త కథ మొదలుపెట్టేవాళ్లు చాలా తక్కువ. 

తొలివరుస:
పక్కన నిలబడినా ఆగకపోతే?

నిదానం:
అప్పుడు ‘ధన్యవాదాలండీ, మీ ముగింపు వాక్యం చెప్పండి’ అని పైకి అనాలి. ఒక్క వాక్యం చెప్పనివ్వాలి. మాట పూర్తి చేసుకున్న మనిషి కోపంగా దిగడు.

సభాముఖం:
అందరికీ ధన్యవాదాలు. వచ్చే మీటింగ్‌కి టైమర్ కుర్చీ వెనక మధ్యలోకి మారుస్తున్నాను. ఏడున్నరకి సభ నడిపేవారు లేచి వెళ్లి పక్కన నిలబడతారని అజెండా పైనే ఒక లైను రాసి, వక్తలకి ముందురోజే పంపిస్తాను. ఎక్కువ టైమ్ కావాల్సినవాళ్లు ఆ లోపే అడగాలి. గంట ఇప్పటికి వద్దనుకుంటున్నాను. తొలివరుస గారూ, మీకిది చాలదని తెలుసు. రెండు మూడు మీటింగులు చూసి, అప్పటికీ ఎవాల్యుయేషన్లకి కోత పడుతుంటే కమిటీలో మీ మాటే నేను ఎత్తుతాను.

ఆ అమ్మాయి ఎవాల్యుయేటర్‌తో మాట్లాడాను. తన నోట్స్ రెండు పేజీలుందట. ఈ వారం మీటింగ్‌కి పావుగంట ముందు ఇద్దరూ వచ్చి కూర్చుంటారు.

టైమర్‌బల్ల:
మంచి పని చేశారు. కార్డులు కాస్త పెద్దవి చేయించండి. ఏ-ఫోర్ సైజుకి తగ్గితే వెనకనుంచి స్టేజీకి కనపడవు.