చర్చ: లోపల ఉన్న స్వనీతి (నేనే నీతిమంతుణ్ణి అనే గర్వం) ఎలా పోయింది? మీ అనుభవాలు చెప్పండి

ఆవగింజ:
అందరికీ వందనాలు. నేను 15 ఏళ్లుగా సంఘంలో ఉన్నాను, సండే స్కూల్ చూసుకుంటాను. మా సంఘంలో ఒక తమ్ముడు తాగుడులో పడి రెండేళ్లు మందిరానికి రాలేదు. ఈమధ్యే తిరిగొచ్చాడు. మొన్న ఆదివారం పాస్టర్ గారు అతనితో వాక్యం చదివించారు. జెకర్యా గ్రంథం. ఎక్కడుందో అతనికి దొరకలేదు. ముందు పేజీల్లో గ్రంథాల పట్టిక తీసి, ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చూసుకుంటున్నాడు. ఆ వేలు వణుకుతోంది. నేను ముందు వరసలోనే ఉన్నాను. నా బైబిల్లో ఆ పేజీ అప్పటికే తీసి ఉంది. చెయ్యి చాపి ఇస్తే సరిపోయేది, ఇవ్వలేదు. "ఇతనికి అప్పుడే అవకాశమా" అని లోపల ఒకటే మంట. చివరికి వెనక నుంచి ఒక పెద్దావిడ లేచి వచ్చి తీసిచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పని తెలుస్తోంది, కానీ తెలిసినంత మాత్రాన పోవడం లేదు. మీరెలా బయటపడ్డారు?

ద్రాక్షతీగ:
బ్రదర్, నాది ఇంట్లో సంగతి. లూకా 15లో, ఆస్తి పాడుచేసి తిరిగొచ్చిన చిన్నకొడుకును తండ్రి చేర్చుకున్నాడని కోపంతో ఉన్న పెద్దకొడుకు "నా తమ్ముడు" అనడు చూడండి, తండ్రితో "నీ కుమారుడు" అంటాడు. నేనూ అంతే. మా తమ్ముడు అందరినీ ఏడిపించి వెళ్లిపోయి, మళ్లీ ఇల్లు చేరాక, "నీ కొడుకు తిన్నాడా", "నీ కొడుకు లేచాడా" అని అమ్మను అడిగేదాన్ని. ఏడాది పాటు అలాగే అన్నాను, నాకే తెలియలేదు. ఒకరోజు అమ్మ కూర తరుగుతూ తల ఎత్తకుండానే "వాడు నీకేమవుతాడే?" అంది. అక్కడే కూర్చుండిపోయాను. ఆ కథలో తండ్రి జవాబు కూడా అదే కదా, "నీ తమ్ముడు" అంటాడు. నేను ముందు మార్చుకున్నది పిలుపు. మనసు చాలా నెలల తర్వాత కదిలింది.

నీటిబొట్టు:
లూకా 18లో తన మంచి పనులు చెప్పుకుంటూ, పక్కవాణ్ణి చిన్నచూపు చూస్తూ ప్రార్థించిన పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే యూదు వర్గంవాడు) అబద్ధం చెప్పలేదు, అదే నన్ను భయపెడుతుంది. ధర్మశాస్త్రం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినాన ఉపవాసం అడిగితే, అతను వారానికి రెండుసార్లు చేశాడు. అవన్నీ మంచి పనులే. నా విషయంలో ఒకటి గమనించాను. పరిచర్యలో బాగా అలిసిపోయిన రోజుల్లోనే పక్కవాళ్ల మీద ఎక్కువ సణుగుతాను, తను యేసుకు వడ్డించే పనిలో ఉంటే, తోబుట్టువు మరియ ఆయన దగ్గర ఊరికే కూర్చుందని మార్త సణిగినట్టే. ఇప్పుడు సణుగుడు మొదలైతే ఒక పని తగ్గించుకుని, కాసేపు ఊరికే ప్రభువు దగ్గర కూర్చుంటాను.

ఒలీవకొమ్మ:
ఒక మాట, ఎవరూ బాధపడకండి. కృప కృప అంటూ తప్పును కప్పేస్తే నేను ఒప్పుకోను. నమ్మి అప్పిచ్చిన ఒక విశ్వాసి నన్ను మోసం చేశాడు. "క్షమించెయ్యండి బ్రదర్" అని చెప్పినవాళ్లెవరూ నా నష్టం అడగలేదు.

ద్రాక్షతీగ:
అన్నా, మీ బాధ చిన్నది కాదు. మత్తయి 18 ఉపమానంలో రాజు ఒక దాసుడి అప్పంతా రద్దు చేస్తాడు, అతను మాత్రం తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి వదలడు. అక్కడ కూడా ఆ రెండో దాసుడి అప్పు 100 దేనారాలు. దేనారం అంటే ఒక రోజు కూలి. 100 రోజుల కష్టం పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. యేసు దాన్ని లేనట్టు చెప్పలేదు. కాకపోతే మొదటి దాసుడికి రద్దయిన అప్పు 10,000 తలాంతులు. తలాంతుకు దాదాపు 6,000 దేనారాలు, అంటే 6 కోట్ల రోజుల కూలి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజే నాకు ఆ ఉపమానం అర్థమైంది.

ఒలీవకొమ్మ:
ఈ లెక్క నేనెప్పుడూ వేసి చూడలేదమ్మా. గలతీ 6లో తప్పిపోయినవాణ్ణి సాత్వికంతో దారికి తేవాలని ఉంది. అతని తప్పు అతనితోనే మాట్లాడాలి, అది వదలను. కానీ ఇన్నాళ్లూ నేను మాట్లాడింది అతనితో కాదు, ఊరందరితో.

చిన్నదీపం:
నేను ఇంకా ఘోరం. "ఫలానా వాళ్ల కోసం ప్రార్థించండి" అంటూ వాళ్ల సంగతులన్నీ కూడికలో చెప్పేసేదాన్ని. అది వాళ్ల కోసం నేను పడే భారం అనుకున్నాను, నిజానికి చాడీలు. ఇప్పుడు వాళ్ల అనుమతి లేకుండా ఎవరి పేరూ ప్రార్థన అంశంగా చెప్పను. ఆవగింజ అన్నా, మీరు ఆ తమ్ముడికి ఫోన్ చేశారా?

ఆవగింజ:
చేశాను సిస్టర్, ఇప్పుడే. రెండుసార్లు రింగయినా తియ్యలేదు, తర్వాత తనే చేశాడు. "ఆ రోజు నా బైబిల్లో పేజీ తీసి ఉంది తమ్ముడూ, నీకివ్వలేదు, క్షమించు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "చూశానన్నా" అన్నాడు. అతను చూశాడని నాకు తెలియదు. వచ్చే వారం కూడా చదవమన్నారట, టెన్షన్‌గా ఉందన్నాడు. శనివారం సాయంత్రం మందిరంలో ఇద్దరం కూర్చుని ముందే చదువుకుందాం అనుకున్నాం.