అమ్మ అల్లిన లేసు మీటరు 15 రూపాయలంట. చేతి లేసు పని తెలిసినవాళ్లు మీ అనుభవం చెప్పండి

కడప_అల్లిక:
అందరికీ నమస్తే. మాది కడప. మా అమ్మకు 63 ఏళ్లు. చిన్నప్పుడు హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సిస్టరమ్మ దగ్గర క్రోషా, అంటే కొక్కెం సూదితో దారం అల్లే పని, నేర్చుకుంది. అప్పటి నుంచి సూది వదల్లేదు. మా ఇంట్లో దిండు గలీబులు, టీవీ మీద గుడ్డ, నా చిన్నప్పటి పావడాల అంచులు అన్నీ ఆమె అల్లినవే. నాన్న పోయాక పొద్దుపోక ఇంకా ఎక్కువ అల్లుతోంది. 40 నంబరు తెల్ల దారంతో, రెండు వేళ్ల వెడల్పున ఆకులు ఆకులుగా వచ్చే అంచు. అట్లాంటిది 11 మీటర్లు పోగయింది.

పోయిన వారం ఏడురోడ్ల దగ్గర ఒక లేసుల అంగడికి తీసుకెళ్లాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. లేసు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అరలోంచి ఒక మిషన్ లేసు రోలు తీసి పక్కన పెట్టి, "అమ్మా, ఈ 9 మీటర్ల రోలు 135 రూపాయలు. నీ లేసు బాగుంది, కాదనను. కానీ ఇంతకంటే ఎక్కువిచ్చి కొంటే నేనెవరికి అమ్మాలి?" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి సంచి బీరువాలో పెట్టేసింది. మూడు రోజులు సూది ముట్టలేదు. అది చూసి నాకు అన్నం సయించలేదు.

ఒకరోజు గడియారం పెట్టుకుని చూశాను. గంటకు 12 సెంటీమీటర్లు అల్లుతుంది. అంటే మీటరుకు 8 గంటల పైమాటే. దారం ఖర్చే మీటరుకు 20 రూపాయల దాకా వస్తుంది. ఈ పనికి ఇంక విలువ లేదా? ఎవరైనా అమ్ముతున్నారా? తెలిసింది చెప్పండి.

ధర్మవరం_మగ్గం:
చెల్లెమ్మా, చదివి బాధేసింది. మా నాయన నేసిన చీరను, మరమగ్గం చీరను పక్కపక్కన పెట్టి బేరమాడిన రోజు మా ఇంట్లోనూ ఇట్లే జరిగింది. ఒక తేడా మాత్రం ఉంది. చేనేతకు 1985లో చట్టం వచ్చింది. దాని కింద ఇప్పుడు 11 రకాల గుడ్డలు చేతి మగ్గం మీదే నేయాలని ఉంది. అమలు ఎట్లుందో మా ఊరికొచ్చి చూస్తే తెలుస్తుంది గానీ, కనీసం చూపించి అడగడానికి ఒక కాగితం ఉంది. లేసు అల్లే ఆడవాళ్లకు అదీ లేదు.

టెక్స్‌టైల్_అనంతపురం:
నేను టెక్స్‌టైల్ చదివాను, కొన్నేళ్లు సూరత్‌లో పనిచేశాను. ముందు ఒక మాట మీ అమ్మగారికి చెప్పండి. ఆ రోలులో ఉన్నది ఆమె చేసే పని కాదు. క్రోషాను అచ్చంగా చేతితో అల్లినట్టే అల్లి అంగళ్లు నింపే యంత్రం ఈ రోజుకీ లేదు. క్రోషాలో ప్రతి కుట్టూ ముందు కుట్టులోంచి సూది దూర్చి, దారం లాగి, ముగించి పక్కకు కదలాలి. ఎటు తిరగాలో, ఎక్కడ దూర్చాలో ప్రతిసారీ మారుతుంది. ఆ పని వేళ్లకే తెలుసు.

యంత్రాలు చేసేది దాని పోలిక మాత్రమే. అది ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి 'కెమికల్ లేసు'. పెద్ద ఎంబ్రాయిడరీ మిషన్ ఒక గుడ్డ మీద దట్టంగా కుట్టేస్తుంది. తర్వాత ఆ గుడ్డను కరిగించేస్తారు, దారం డిజైన్ ఒక్కటే మిగులుతుంది. దీనికి మూలమైన షిఫ్లి మిషన్‌ను 1863లో స్విట్జర్లాండ్‌లో ఇసాక్ గ్రోబ్లి అనే ఆయన కనిపెట్టాడు. రెండోది పొడుగునా గొలుసుల్లాగా దారాలు అల్లే నిట్టింగ్ మిషన్. దాన్ని బజారులో క్రోషె మిషన్ అనే అంటారు. అక్కడే కొనేవాళ్లు మోసపోతారు.

ఇంట్లోనే తేడా చూసుకోవచ్చు. చేతి క్రోషా చివరి ముడి విప్పి దారం లాగితే ఒక్కొక్క కుట్టే వరసగా ఊడివస్తుంది, మొత్తం ఒకే దారం. కెమికల్ లేసు అట్లా ఊడదు. కుట్టు మిషన్‌లో లాగా పైదారం, కిందిదారం రెండుంటాయి. నిట్టింగ్ లేసును వెలుతురుకు పెట్టి చూస్తే పొడుగునా గొలుసు గీతలు కనిపిస్తాయి. చిన్న దారం ముక్క కాల్చినా తెలుస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. నూలు కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది.

గొడవ మాత్రం కొత్తది కాదు. ఇంగ్లాండులో జాన్ హీత్‌కోట్ 1809లో వల లేసు మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అంతవరకు దిండు మీద దారం చుట్టిన చిన్న కర్రలు పెట్టుకుని చేత్తో అల్లిన వల అది. 1816లో లడ్డైట్లు అనే మిషన్ వ్యతిరేకులు లఫ్‌బరోలో ఆయన ఫ్యాక్టరీ మీద పడి 55 మిషన్లు పగలగొట్టారు. ఆయన ఫ్యాక్టరీని టివర్టన్ అనే ఊరికి మార్చి మళ్లీ మొదలుపెట్టాడు. మిషన్లు పగిలినా పని వెనక్కి రాలేదు.

ఆదోని_జాలీ:
మా ఇళ్లలో దీన్ని క్రోషియా అంటారు. మా నానీ, అంటే అమ్మమ్మ, నమాజు టోపీలు అల్లేది. తెల్ల దారంతో, నడినెత్తి మీద చిన్న చక్రంతో మొదలుపెట్టి, ఒక్కో వరసా పెంచుకుంటూ పోయేది. ఎవరి తల కొలత వాళ్లదే. మామయ్య టోపీ నాకు పట్టదు, నాది తమ్ముడికి పట్టదు. ఇప్పుడు రంజాన్ ముందు బండి మీద డజన్ల లెక్కన మిషన్ టోపీలు వస్తాయి. లాగితే సాగుతాయి, అందరికీ పడతాయి. వాటిని కొనేవాళ్ల తప్పేమీ లేదు, చవక కాబట్టి బీదవాళ్లు పండక్కి కొత్త టోపీ పెట్టుకోగలుగుతున్నారు.

నానీ పోయి ఆరేళ్లయింది. ఆమె నాకు అల్లిన చివరి టోపీ ఒక అంచున పోగు తెగింది. బాగు చేయించాలని ఆదోని అంతా తిరిగాను. ఆ కుట్టు పట్టుకోగలిగిన మనిషి దొరకలేదు. మడిచి ఖురాను పక్కన పెట్టుకున్నాను. కడప అక్కా, మీ అమ్మ దగ్గర ఇప్పుడే నేర్చుకోండి. చేతులు ఉన్నప్పుడే.

ఎమ్మిగనూరు_టైలర్:
నేను రోలు లేసే వాడతాను. కస్టమర్ సాయంత్రానికి జాకెట్ కావాలంటుంది. చీర రంగుకు సరిపోయే లేసు అంగట్లో 40 రంగుల్లో ఉంటుంది, రెండు నిమిషాల్లో కుట్టేస్తాను. చేతి లేసు తెస్తే ముందు తడిపి ఆరబెట్టాలి, లేకపోతే నూలు కుంచించుకుని జాకెట్ అంచు ముడుచుకుంటుంది. మెడ వంపు దగ్గర జాగ్రత్తగా చేత్తో కుట్టాలి. మీ అమ్మ పని తక్కువని అనడం లేదమ్మా. రోజుకు ఆరు జాకెట్లు కుడితేనే నాకు గడుస్తుంది.

గోదావరి_ఆడపడుచు:
పుట్టింది నరసాపురం పక్కన, మెట్టింది ప్రొద్దుటూరు. కాబట్టి ఈ మాటలో నాకు హక్కు ఉందనుకుంటున్నా.

మా వైపు 1844లో మిషనరీలు నేర్పించిన పని ఇది. ఇల్లిల్లూ లేసే. 2024 మార్చిలో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ, పిన్ని, మా మేనత్తలు అందరూ అరుగు మీద కూర్చుని అల్లేవాళ్లు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, లెక్క చూసి అల్లిన లేసు పూలు తీసుకెళ్తాడు. ఒకరు పూలు అల్లితే ఇంకొకరు వాటిని కలిపి పెద్ద గుడ్డ చేస్తారు, దాన్ని అతుకు పని అంటాం. ఆ గుడ్డ ఏ దేశం వెళ్లిందో, అక్కడ ఎంతకు అమ్మారో అల్లినవాళ్లకు ఎప్పుడూ తెలియదు.

అక్కా, ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మీరు మొదట్లో "పొద్దుపోక అల్లుతోంది" అని రాశారు. మా అమ్మ కూలి పెంచమని అడిగినప్పుడల్లా ఏజెంటు నోట వచ్చింది ఆ మాటే. "మీరు పొద్దుపోక చేసుకునేదే కదమ్మా" అనేవాడు. ఇంట్లో మగవాళ్లూ అదే అనేవాళ్లు. వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి బల్బు కింద కళ్లు చికిలించుకుని ఆరేడు గంటలు చేసిన పని కాలక్షేపం ఎలా అవుతుంది? మిషన్ రాకముందే ఈ పనికి ధర లేకుండా చేసింది ఆ మాట. మిషన్ వచ్చి ఆ తక్కువ ధరతో పోటీ పడింది, అంతే. అమ్మకు ఇప్పుడు కళ్లు సరిగా కనిపించవు. ఆ కళ్ల ఖర్చు ఏ బిల్లులోనూ లేదు.

టెక్స్‌టైల్_అనంతపురం:
గోదావరి అక్కయ్య చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి కూడా ఆలోచించండి. పెద్ద మాల్స్‌లో మరీ చవగ్గా దొరికే క్రోషా టాపు చూసి మిషన్‌ది అనుకుంటాం. అది నిజంగా క్రోషా అయితే ఎక్కడో ఒక ఆడమనిషి చేత్తో అల్లిందే. ఆమెకు ఎంత ముట్టిందో ఆ ధరను బట్టే ఊహించుకోవచ్చు.

కడప_అల్లిక:
పొద్దుపోక అన్న మాట నా నోటి నుంచే వచ్చిందని ఇప్పుడే గమనించాను. సిగ్గేసింది. అమ్మకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. టోపీ సంగతి దగ్గర కళ్లు తుడుచుకుంది. ఆదోని తమ్ముడూ, ఆ టోపీ పంపించమంటోంది. పోగు తెగిన చోటు ఫోటో ముందు పెట్టమంది, దారం మందం చూడాలంట.

ధర్మవరం_కుచ్చులు:
ఆలస్యంగా చూశాను. నాకు ఈ పనే బతుకుదెరువు కాబట్టి వివరంగా రాస్తాను.

నేను పట్టుచీరల పైటకొంగుకు కుచ్చులు వేస్తాను. పదేళ్ల కింద వట్టి ముడుల కుచ్చులే ఉండేవి. ఇప్పుడు పెళ్లి చీర అంటే క్రోషా కుచ్చు అడుగుతారు. పట్టుదారం పోగులు కలుపుకుని, సన్న స్టీలు సూదిని కొంగు అంచులో నేరుగా దూర్చి, వంపులు, పూసలు, గంటలు అల్లుకుంటూ పోతాం. అంటే మీ అమ్మగారు చేసే పనే. తెల్ల నూలు బదులు రంగు పట్టుదారం, గుడ్డ బదులు చీర.

దీన్ని మిషన్ ఎందుకు తినలేదంటే, చీర ముందే తయారై ఉంటుంది, దాని అంచులోకే అల్లాలి. ఒక్కో చీర రంగు ఒకటి, కొంగు మందం ఒకటి. రెడీమేడ్ కుచ్చుల పట్టీలు వచ్చాయి, కుట్టేస్తే సరిపోతుంది. కానీ ఎన్నో వేలు పెట్టి చీర కొన్నామె కొంగుకు ఆ పట్టీ కుట్టించుకోవడానికి ఇష్టపడదు. పట్టీ కుట్టు కొంగు వెనకాల కనిపిస్తుంది.

నేను మామూలు క్రోషా కుచ్చుకు 500 తీసుకుంటాను, ఒక రోజు పని. పూసలతో మూడు వరసలు పెళ్లికూతురి చీరకు 1500 నుంచి 2000. మొదట నేనూ 150కి వేసేదాన్ని. అంగళ్లవాళ్లు చీరకు ఇంత అని కట్టిచ్చి వాళ్లు మూడింతలు తీసుకునేవాళ్లు. మా వీధిలో నలుగురం కూర్చుని, గంటకు ఇంత అని లెక్క వేసుకున్నాం, అంతకు తక్కువ ఎవరం చేయకూడదని మాట అనుకున్నాం. రెండు నెలలు పని తగ్గింది. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. తర్వాత కస్టమర్లు నేరుగా ఇంటికే వచ్చారు.

మీ అమ్మగారి చేతికి పట్టుదారం అలవాటు కావాలి. నూలు లాగా సూదికి పట్టుకుని ఉండదు, జారుతుంది. చేయి మరీ వదులుగా ఉంటే వంపు సాగిపోతుంది. ముందు పాత పట్టు గుడ్డ మీద వేసి చూడమనండి. కొంగు చివర విడిపోకుండా మడిచి కుట్టిన తర్వాతే మొదలుపెట్టాలి, మంచి చీర పాడుచేసుకుని నేర్చుకున్న దాన్ని నేను.

ఇంకోటి, కేంద్రం హస్తకళల కమిషనర్ ఆఫీసు చేతిపనివాళ్లకు ఇచ్చే పెహచాన్ (గుర్తింపు) కార్డుకు దరఖాస్తు చేయండి. చేతివృత్తులవాళ్ల కోసం 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో టైలర్లు ఉన్నారు, లేసు అల్లేవాళ్లు లేరు. పెహచాన్ కార్డు ఉంటే కనీసం ఈమె చేతిపని మనిషి అని రాతపూర్వకంగా ఉంటుంది.

ఎమ్మిగనూరు_టైలర్:
కుచ్చులు వేసే మనిషి కోసం నా దగ్గరికే వారానికి ఇద్దరు ముగ్గురు అడిగి వెళ్తారు. కడపలో మా అక్క కూడా టైలరింగే చేస్తుంది. అమ్మ నేర్చుకున్నాక చెప్పండి, ఆమె దగ్గరికి వచ్చే చీరలు ఇప్పిస్తాను. ధర మీరే చెప్పండి, నేను బేరమాడను.

కడప_అల్లిక:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. నా పెళ్లి నాటి పాత ధర్మవరం చీర ఒకటి చిరిగి పక్కన పడేసి ఉంటే, దాని కొంగు కోసి ఇచ్చాను. మొదటి రెండు రోజులు దారం జారుతోందని విసుక్కుంది. మూడో రోజు తన ఆకుల అంచునే పట్టుదారంతో వేసింది, కుంకుమ రంగు మీద బంగారు రంగు. మామూలు కుచ్చుల్లో ఎక్కడా చూడని డిజైన్ అది. ఫోటో పెడుతున్నాను.

ఆ 11 మీటర్ల తెల్ల లేసు అమ్మడం లేదు. మా పెద్దమ్మ మనవరాలి పురిటికి బొంతలకు, దిండ్లకు వేస్తానంది.

గోడ మీద క్యాలెండరులో ప్రతి తేదీ పక్కన ఎన్ని గంటలు అల్లిందో పెన్సిలుతో రాసుకుంటోంది. నేను చెప్పలేదు. ధర్మవరం అక్క రాసిన లెక్క విని తనే మొదలుపెట్టింది. నిన్నటి గడిలో మూడున్నర అని ఉంది.

ధర్మవరం_కుచ్చులు:
ఫోటో చూశాను. ఆకు కొస దగ్గర ఒక పూస వేయమనండి, బరువుకు కొంగు చక్కగా కిందికి నిలుస్తుంది. ఆ ఆకుకు ఎన్ని గొలుసులు వేస్తారో అడిగి చెప్తారా? నేనూ నేర్చుకుంటాను.

కడప_అల్లిక:
ఏడు గొలుసులు, వెనక్కి వస్తూ ఒకటి సింగిల్ కుట్టు, తర్వాత డబుళ్లు, నడుమ ఒక ట్రెబుల్, మళ్లీ దిగుతూ. ఫోనులో చెప్తే బాగా అర్థమవుతుందంట. సాయంత్రం ఐదు తర్వాత చేయమంటోంది.