బుక్ వీక్ దగ్గరపడింది, పాపకి ఏ పుస్తకం వేషం వేయాలి?

కొత్తగా వచ్చాం, మెల్‌బోర్న్:
నమస్కారమండీ. మేం ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. పాప ప్రెప్‌లో, అంటే బడిలో మొదటి ఏడాదిలో ఉంది. ఆగస్టులో బుక్ వీక్ అట, ఆ రోజు యూనిఫామ్ వద్దట, ఏదైనా పుస్తకంలోని పాత్రలా తయారై రావాలట. నేను పుట్టినరోజుకి కొన్న సినిమా రాకుమారి గౌను తీసి ఇస్త్రీ చేసి పెట్టా. పాప నిన్న వచ్చి "అమ్మా, అది సినిమా, పుస్తకం కాదంట" అంది. నిజమే కదా. ఇంట్లో ఇక్కడి పుస్తకం ఒక్కటీ లేదు. ఊరి నుంచి తెచ్చిన పంచతంత్రం బొమ్మల పుస్తకాలు నాలుగున్నాయి, అంతే. గూగుల్ చేస్తే యాభై పేర్లు వస్తున్నాయి. అవి వద్దు, మీ పిల్లలు మళ్లీ మళ్లీ చదివించుకున్నవి చెప్పండి. వేషం తేలిగ్గా ఉండాలి, నాకు కుట్టు రాదు. ఇంకా మూడు వారాలే, టెన్షన్‌గా ఉంది.

అడిలైడ్ అత్త:
టెన్షన్ ఎందుకమ్మా, "పోసమ్ మ్యాజిక్"తో మొదలుపెట్టు. రాసింది మెమ్ ఫాక్స్, బొమ్మలు జూలీ వివాస్, 1983లో మా అడిలైడ్‌లోనే అచ్చయింది. పాముల బారిన పడకుండా మనవరాలిని కనపడకుండా చేస్తుంది ఒక పోసమ్ అమ్మమ్మ. పోసమ్ అంటే ఇక్కడ చెట్ల మీద తిరిగే చిన్న జంతువు. తర్వాత మళ్లీ కనపడేలా చేసే మంత్రం మర్చిపోతుంది. మనుషులు తినే తిండేదో తింటే ఆ మాయ పోతుందని మాత్రం గుర్తు. ఇక ఇద్దరూ ఊరూరా తింటూ దేశం చుట్టేస్తారు. డార్విన్‌లో వెజిమైట్ (బ్రెడ్‌కి రాసుకునే నల్లటి ఉప్పటి ముద్ద) శాండ్‌విచ్ తింటే తోక వస్తుంది, పర్త్‌లో పావ్‌లోవా అనే తీపి తింటే ఒళ్లు, హోబర్ట్‌లో లామింగ్టన్ కేకు తింటే తల. మా పిల్లలకి రాష్ట్రాల రాజధానులు దీంతోనే వచ్చాయి.

ముందు ఎలుకల కథగా రాసిందట ఆవిడ. తొమ్మిది మంది ప్రచురణకర్తలు వద్దన్నారు. పదో చోట ఎలుకల్ని తీసేసి ఇక్కడి జంతువులు పెట్టమన్నారు.

మా ఇంట్లో అది చదివాక వెజిమైట్ కొనాల్సిందే అని పిల్లలు గోల. అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. నల్లగా ఉంది, పాత ఉసిరికాయ పచ్చడి అనుకుని వేడి అన్నంలో ఇంత ముద్ద కలుపుకున్నారు. తర్వాత ఏమైందో అడక్కండి.

వేషానికి చెవులు హెయిర్‌బ్యాండ్‌కి అతికించు, పాత మేజోడులో దూది కూరితే తోక. కుట్టు అక్కర్లేదు.

కాన్‌బెర్రా కందిపొడి:
నా ఓటు "డైరీ ఆఫ్ ఎ వోంబాట్"కి. జాకీ ఫ్రెంచ్ రాశారు, బ్రూస్ వాట్లీ బొమ్మలు, 2002. వోంబాట్ అంటే ఇక్కడ బొరియల్లో ఉండే బొద్దు జంతువు, దాని డైరీ ఇది. రోజంతా నిద్ర, గడ్డి, గోక్కోవడం. పక్కింట్లో మనుషులు దిగాక క్యారెట్లు.

ఈ పుస్తకం గురించి ఒక్క మాట చెప్పాలి. మాటలకీ బొమ్మకీ పొంతన ఉండదు, నవ్వంతా అక్కడే. చదునుగా, వెంట్రుకలతో ఉన్న ఏదో జీవి తన ఇలాకాలోకి వచ్చిందనీ, దానితో పెద్ద యుద్ధం చేసి గెలిచాననీ వోంబాట్ రాసుకుంటుంది. బొమ్మ చూస్తే అది గుమ్మం ముందు డోర్‌మ్యాట్! డోర్‌మ్యాట్ అనే మాట పుస్తకం చెప్పదు. మా అమ్మాయి నాలుగేళ్లప్పుడు అది తనే కనిపెట్టి అరిచిన అరుపు నాకింకా గుర్తు.

జాకీ ఫ్రెంచ్‌కి డిస్లెక్సియా, అంటే చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది ఉంది, ఆవిడే బయటికి చెబుతారు. 2014, 2015ల్లో దేశానికి చిల్డ్రన్స్ లారియెట్‌గా ఉన్నారు, అంటే పిల్లల పుస్తకాల రాయబారి లాంటి పదవి. మావాడికి అక్షరాలు తిరగబడుతున్నాయని టీచర్ చెప్పినప్పుడు నేను వాడికి ముందు చెప్పింది ఈవిడ గురించే.

వేషం: గోధుమరంగు స్వెటర్, చేతిలో క్యారెట్.

గచ్చిబౌలి టు జీలాంగ్:
మీరంతా అదృష్టవంతులు. మావాడికి తొమ్మిదేళ్లు, ట్రీహౌస్ పుస్తకాలు తప్ప ఏదీ ముట్టడు. ఎక్కడ తెరిచినా పిచ్చి బొమ్మలు, తలాతోకా లేని గోల. మనం చందమామ చదివి పెరిగినవాళ్లం, ఇది చదువేనా అనిపిస్తుంది. మాన్పించే మార్గం ఉందా?

లైబ్రరీ ట్రాలీ, బెండిగో:
మాన్పించకండి బాబూ. నేను స్కూల్ లైబ్రరీలో పనిచేస్తా. అసలు పుస్తకమే పట్టని మగపిల్లలు లైన్ కట్టేది ఆ షెల్ఫ్ దగ్గరే. ఆండీ గ్రిఫిత్స్ రాస్తే టెర్రీ డెంటన్ బొమ్మలు వేశారు, కథలో ఆ చెట్టిల్లులో ఉండేదీ ఆ ఇద్దరే. సమయానికి పుస్తకం పూర్తిచేయలేక ప్రచురణకర్తతో తిట్లు తినడమే కథ. 2011లో 13 అంతస్తులతో మొదలై పుస్తకానికి 13 చొప్పున పెరిగి 2023లో 169 దగ్గర ఆగింది. మా స్కూల్లో ఒక బుడతడు పదమూడో ఎక్కం గడగడా అప్పజెప్పేస్తాడు, ఎలా వచ్చిందిరా అంటే "షెల్ఫ్ చూసి" అన్నాడు.

దాని తర్వాత ఆన్ డో "వియర్‌డో" సిరీస్ ఇవ్వండి, బొమ్మలు జూల్స్ ఫేబర్. ఆన్ డో పసితనంలో వియత్నాం నుంచి పడవలో శరణార్థిగా వచ్చినాయన. కథలో కుర్రాడి పేరు వియర్, ఇంటిపేరు డో. కలిపి పిలిస్తే అందరూ నవ్వుతారు. ఇంటిపేరు ముందా వెనకా అని ప్రతి ఫారంలో తంటాలుపడే మన పిల్లలకి ఇది వెంటనే ఎక్కుతుంది.

గచ్చిబౌలి టు జీలాంగ్:
మావాడి పేరుని రోల్‌కాల్‌లో మొదటి మూడక్షరాల దగ్గరే ఆపేస్తారు. తెస్తానండీ ఆ పుస్తకం.

పర్త్ పావురం:
నేను చెప్పేది ప్రెప్ పిల్లలకి కాదు, అయినా చెప్తా. షాన్ టాన్ మా ఊరివాడు. నాన్న మలేషియా నుంచి పర్త్ వచ్చినాయన. "ది అరైవల్" 2006లో వచ్చింది. మొత్తం పుస్తకంలో ఒక్క మాట లేదు, పెన్సిల్ బొమ్మలే, పాత ఫొటోల రంగులో. ఒకాయన పెళ్లాన్నీ కూతుర్నీ వదిలి పెట్టె పట్టుకుని ఓడెక్కుతాడు. దిగిన ఊళ్లో బోర్డుల మీద అక్షరాలు ఏ భాషవీ కావు, షాన్ టాన్ కల్పించినవి. ఆయనకి అర్థం కావు, మనకీ కావు.

మా అమ్మ తెనాలి నుంచి ఆర్నెల్లకి వచ్చింది. ఇంగ్లీషు రాదు. మనవడు రోజూ పుస్తకం పట్టుకొచ్చి "చదువు నాయనమ్మా" అంటే కళ్లజోడు లేదని తప్పించుకునేది. ఒకరోజు లైబ్రరీ నుంచి నేను దీన్ని తెచ్చి బల్ల మీద పడేశా. వంటింట్లో ఉంటే హాల్లోంచి అమ్మ గొంతు. "ఇదిగో, ఈయన పిల్లకి కాయితంతో పిట్ట చేసి ఇచ్చాడు. రైలెక్కుతున్నాడు, చూశావా, ఆవిడ ఏడుపు ఆపుకుంటోంది." గంటన్నర చదివింది. ఆ ఊళ్లో ఆయన వెంట తిరిగే వింత జంతువుకి "పిల్లి కాని పిల్లి" అని పేరు పెట్టింది. బోర్డుల దగ్గరికొచ్చి "అచ్చం మీ ఊరి బస్టాపే" అంది నాతో.

మర్నాడు మళ్లీ చదివింది, కథ కొంచెం మారింది. మావాడు ఒప్పుకోలేదు, నిన్న ఆయన ఆకలితో ఉన్నాడన్నావుగా అని పేచీ. 2011లో షాన్ టాన్‌కి ఆస్కార్ వచ్చింది, స్వీడన్ వాళ్లిచ్చే లిండ్‌గ్రెన్ అవార్డు కూడా అదే ఏడాది. మా ఇంట్లో మాత్రం అది "నాయనమ్మ పుస్తకం".

కొత్తగా వచ్చాం, మెల్‌బోర్న్:
ఇది చదివి కళ్లు చెమ్మగిల్లాయండీ. మా అమ్మ డిసెంబర్లో వస్తోంది. లైబ్రరీలో ఇప్పుడే హోల్డ్ పెట్టా.

సిడ్నీ సున్నుండ:
పాతవాటిలో మే గిబ్స్‌ని మర్చిపోకండి. "స్నగుల్‌పాట్ అండ్ కడుల్‌పై", 1918. యూకలిప్టస్ కాయల టోపీలు పెట్టుకున్న చిట్టి బుజ్జాయిలు. కథా ఆవిడదే, బొమ్మలూ ఆవిడవే. న్యూట్రల్ బేలో ఆవిడ ఇల్లు నట్‌కోట్ ఇప్పుడు మ్యూజియం, తోట బాగుంటుంది. పుస్తకాల రాయల్టీ అంతా యూనిసెఫ్‌కీ, వైకల్యం ఉన్న పిల్లల సంస్థలకీ రాసిచ్చి పోయింది. ఒక హెచ్చరిక. అందులో దుర్మార్గులు బ్యాంక్సియా చెట్టు కాయలు, ఒంటినిండా నోళ్లలాంటి చీలికలు. మావాడు ఆ ఏడాదంతా పార్కులో ఆ చెట్టు కనపడితే రోడ్డు అవతలికి లాగేవాడు. చందమామలో శంకర్ గారి భేతాళుడి బొమ్మ చూసి నేను దుప్పటి ముసుగేసుకున్నది గుర్తొచ్చి వాణ్ని ఏమీ అనలేదు.

అడిలైడ్ అత్త:
పాత కథలంటే, ఈ నేల అసలు మనుషుల కథలు అంతకంటే పాతవి కదా. డిక్ రఫ్సీ "ది రెయిన్‌బో సర్పెంట్", 1975. ఆయన మోర్నింగ్టన్ దీవిలోని లార్డిల్ తెగ మనిషి. కొండల్నీ లోయల్నీ చేసిన మహాసర్పం కథ. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇంటి పిల్లలకి పామంటే దేవుడని వేరే చెప్పక్కర్లేదు. చిన్నపిల్లలకైతే బ్రాన్‌విన్ బాన్‌క్రాఫ్ట్ బొమ్మలు, ఆ రంగులు వదలరు.

లైబ్రరీ ట్రాలీ, బెండిగో:
అవును, కానీ వాటికి వేషం మాత్రం వద్దు. ఒక స్కూల్లో మన పిల్లాడే ముఖం మీద తెల్ల చుక్కలు పెట్టుకుని వచ్చాడు, ముచ్చటపడి వేశారు పాపం తల్లిదండ్రులు. ఆ చుక్కలకీ గీతలకీ ఒక్కో కుటుంబానికి హక్కులుంటాయి, అలంకారం కాదు. టీచర్ మెల్లగా కడిగించారు, వాడు ఏడ్చాడు. చదవండి, వేసుకోకండి.

గుంటూరు గోంగూర, బ్రిస్బేన్:
దారి మళ్లిస్తున్నా, క్షమించండి. సంక్రాంతి గొబ్బెమ్మల మీద పిల్లల కథ ఇంగ్లీషులో రాశా, 1800 మాటలు. ముందు ఎవరితోనైనా డబ్బిచ్చి బొమ్మలు వేయించి ప్రచురణకర్తకి పంపాలా?

పెన్సిల్ పొట్టు, హోబర్ట్:
వేయించకండి. నేను బొమ్మలు వేస్తా, రెండు పుస్తకాలొచ్చాయి. ఇక్కడ మామూలు ప్రచురణలో ఆర్టిస్టుని ఎంచుకునేది ప్రచురణకర్తే. రచయితా ఆర్టిస్టూ పుస్తకం అయ్యేదాకా ఒకరినొకరు కలవకపోవడం మామూలే. రాయల్టీ సాధారణంగా పుస్తకం ధరలో పది శాతం, చెరి సగం.

1800 మాటలు ఎక్కువ. బొమ్మల పుస్తకం 32 పేజీలు, 500 మాటలు దాటితే ఎడిటర్ ముఖం అదోలా పెడతారు. పైన వోంబాట్ డోర్‌మ్యాట్ సంగతి చదివారుగా. ముగ్గు ఎలా ఉందో, ఆవు పేడ ఏ రంగో మీరు రాస్తే నాకేం మిగిలింది వేయడానికి? పాప ఏం కోరుకుంటోంది, ఏం పోగొట్టుకుంది, అది రాయండి.

"డబ్బు కట్టండి, అచ్చేస్తాం" అనేవాళ్ల జోలికి పోకండి. నా మొదటి పుస్తకం అలాగే చేశా. మూడొందల కాపీలు, రెండొందల ఎనభై ఇంకా గ్యారేజీలో తడుస్తున్నాయి. ఆ కంపెనీ ఫోనెత్తడం మానేసి చాలా కాలమైంది.

ఇంకో సంగతి అందరికీ. లైబ్రరీలో ఉచితంగా చదివితే మాకేమీ రాదనుకుంటారు చాలామంది. వస్తుంది. పబ్లిక్ లైబ్రరీల్లో, స్కూల్ లైబ్రరీల్లో ఉన్న పుస్తకాలకి ప్రభుత్వం లెండింగ్ రైట్ కింద ఏటా చెల్లిస్తుంది, రాసినవాళ్లకీ బొమ్మలు వేసినవాళ్లకీ కూడా. పుస్తకం నచ్చితే కొనక్కర్లేదు, తెప్పించమని మీ లైబ్రరీని అడగండి, అదే మాకు పెద్ద సాయం.

గుంటూరు గోంగూర, బ్రిస్బేన్:
ముగ్గు మీదే రెండు పేజీలు ఉన్నాయండీ. కొట్టేస్తున్నా. ప్రాణం ఉసూరుమంటోంది.

కొత్తగా వచ్చాం, మెల్‌బోర్న్:
అందరికీ థాంక్సండీ. శనివారం లైబ్రరీకెళ్లి పోసమ్, వోంబాట్ రెండూ తెచ్చాం. మా ఆయన వోంబాట్ పుస్తకం వరసగా ఆరుసార్లు చదివారు. అడిలైడ్ అత్తగారు చెప్పినట్టు తోక కూడా తయారుచేశా. పాప తోక వద్దంది, వోంబాటూ వద్దంది. డోర్‌మ్యాట్ వేషమే కావాలట! యుద్ధంలో ఓడిపోయింది పాపం, దాని తరఫున ఎవరూ లేరు అంటోంది. మా ఆయన హార్డ్‌వేర్ షాపుకెళ్లి కొబ్బరిపీచు మ్యాట్‌లు రెండు తెచ్చి, ముందొకటి వెనకొకటి తాడుతో కట్టారు. పీచు గుచ్చుకుంటోందని ఒకటే గోకుడు. లోపల ఏం వేయాలి?

కాన్‌బెర్రా కందిపొడి:
పాత టీషర్టు రెండు పొరలు వేసి, మ్యాట్ వెనక టేపు అంటించండి. కారు సీటు మీద దుప్పటి పరవడం మర్చిపోకండి, ఆ పీచు ఏడాదైనా వదలదు.

అడిలైడ్ అత్త:
ఫొటో పెట్టాలి మరి, పాప ముఖం కనపడకుండా. తోక దాచిపెట్టు, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.