“కుని యబురెతె సంగ అరి” జపాను సామెతేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. జపాను సామెత అంటూ ఒకచోట ఈ మాట చూశాను. రాజ్యం కూలినా కొండలూ ఏళ్ళూ ఉన్నాయి అని అర్థం రాశారు. జపనీస్ నేర్చుకుంటున్న మా తమ్ముడేమో ఇది చైనా పద్యం అంటాడు. ఎవరిది నిజం?

జవాబు: మీ తమ్ముడిదే నిజమమ్మా. అలాగని సామెత అన్నవాళ్ళని మరీ తప్పుపట్టలేం. జపాను బడిపిల్లలు దీన్ని ఇలాగే, తమ భాషలోనే బట్టీపడతారు.

పద్యం చైనా కవి దు ఫూది. 755లో ఆన్ లుషాన్ అనే సేనాపతి తిరగబడ్డాడు, మరుసటేడు రాజధాని చాంగాన్ తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. ఆ ఊళ్ళో ఇరుక్కుపోయిన దు ఫూ 757 వసంతంలో ఇది రాశాడు. మొదటి పాదంలో అయిదే అక్షరాలు: రాజ్యం, విరుగు, కొండ, ఏరు, ఉండు. విభక్తి లేదు, కాలం లేదు, ‘అయినా’ అన్నది అసలే లేదు. చైనాలో ఇవాళ “గ్వొ ఫొ షాన్ హ జాయ్” అని చదువుతారు.

వియత్నాంలో ఆ వరసని కదపలేదు, పలుకు మాత్రం తమది: “క్వోక్ ఫా సన్ హా తాయ్”. చైనా అక్షరాల్లో పరీక్ష రాసి కొలువు తెచ్చుకునే పద్ధతి అక్కడ 1919 దాకా నడిచింది. చైనాలోనేమో 1905లోనే ఎత్తేశారు!

జపానువాళ్ళు ఇంకో దారి పట్టారు. ‘కుని’ అచ్చ జపాను మాట, రాజ్యం. ‘యబురెతె’ అంటే విరిగి. ఆ ‘తె’ ఇంచుమించు మన క్త్వార్థకం, అంటే ‘కూలి’, ‘వచ్చి’ లాంటి మాటల చివరి ‘ఇ’. ‘సంగ’ మాత్రం చైనా నుంచి వచ్చిన సమాసం, కొండలూ ఏళ్ళూ. ‘అరి’ ఉన్నాయి. అసలు మజా అయిదో పాదంలో ఉంది. చైనా వరస ఇలా: “కావలిమంటలు, ఆగక సాగు, మూడు, నెలలు”. జపనీస్‌లో మనలాగే క్రియ చివరికి రావాలి కదా. అందుకని ‘సాగు’ అక్షరం కింద ఎడమ పక్కన చిన్నగా ‘రెండు’ అనీ, ‘నెలలు’ దగ్గర ‘ఒకటి’ అనీ గుర్తు పెడతారు. ‘ఒకటి’ దాకా చదివి వెనక్కి వచ్చి ‘రెండు’ చదవాలి: “హోక సంగెత్సు ని త్సురనరి”. మనం శ్లోకానికి అన్వయక్రమం చెప్పుకున్నట్టే, కాకపోతే ఆ క్రమాన్ని పద్యం పక్కనే అచ్చువేసి ఉంచారు. రాత చైనాది, నోట పలికేది జపనీస్.

1689లో జపానులోని హిరాయిజుమి శిథిలాల దగ్గర తన గొడుగుటోపీ పరుచుకుని కూర్చున్న జపాను కవి బషోకి గుర్తొచ్చింది కూడా ఈ పద్యమే. రెండో పాదంలో దు ఫూ “గడ్డీ చెట్టూ దట్టం” అంటే, ఈయన “గడ్డి పచ్చబడింది” అని మార్చి రాసుకున్నాడు. నాకైతే ఆ మార్పు నచ్చింది.

ఇంకొకరు: మాస్టారూ, కొరియాని వదిలేశారేం?

జవాబు: వదల్లేదు బాబూ, దాచుకున్నాను. సెజోంగ్ రాజు 1443లో కొరియా లిపి సిద్ధం చేసి 1446లో ప్రకటించాడు. 1481కల్లా దు ఫూ పద్యాలు ఆ లిపిలో కొరియా భాషలోకి వచ్చేశాయి. అందులో ఈ పాదం “రాజ్యం నాశనమవగా కొండా ఏరూ మాత్రమే ఉండి” అని సాగుతుంది. ‘మాత్రమే’ మూలంలో లేదు, అనువాదకులు చేర్చింది. కొండకి ‘మ్వె’, ఏటికి ‘గరం’ అని అచ్చ కొరియా మాటలు వాడారు. ఇవాళ కొరియాలో వాడుక ‘సాన్’, ‘గాంగ్’, రెండూ చైనా నుంచి వచ్చినవే. లిపి తమదైంది, మాటలు మాత్రం చైనావి నిలిచాయి. మనకి నది వచ్చినా ఏరు పోలేదు, అదృష్టం.

ఇంకో సంగతి. దు ఫూ కాలపు ఉచ్చారణ వినాలంటే బీజింగ్ కన్నా పొరుగూళ్ళే నయం. రాజ్యం అనే అక్షరానికి అప్పట్లో చివర ‘క్’ ఉండేది. బీజింగ్‌లో అది రాలిపోయి ‘గ్వొ’ మిగిలింది. వియత్నాంలో ‘క్వోక్’, కొరియాలో ‘గుక్’, జపానులో అచ్చమాట ‘కుని’ కాక, చైనా నుంచి తెచ్చుకున్న పలుకు ‘కొకు’. అంత్యప్రాస కూడా అంతే. ప్రాస పడే నాలుగు అక్షరాలు బీజింగ్‌లో షెన్, షిన్, జిన్, జాన్. వియత్నాంలో థమ్, తమ్, కిమ్, చమ్. పాత ‘మ్’ అక్కడ భద్రంగా ఉంది.

మొదట అడిగినవారు: అయితే తెలుగులో ఎలా అనాలండీ? జపనీస్‌లాగే “రాజ్యం కూలి కొండలూ ఏళ్ళూ ఉన్నాయి” అంటే సరిపోతుందా?

జవాబు: కుదరదమ్మా. “వానలు పడి చెరువులు నిండాయి” అంటాం, ఎందుకంటే వాన కారణం. “కూలి ఉన్నాయి” అంటే రాజ్యం కూలడం వల్లే కొండలు పుట్టినట్టుంటుంది. మన ‘ఇ’కి అంత వదులు లేదు. “కూలినా” అంటే వ్యాకరణం కుదురుతుంది, కానీ దు ఫూ చెప్పనిది మనం చెప్పినట్టవుతుంది. నేనైతే “రాజ్యం కూలింది. కొండలున్నాయి, ఏళ్ళున్నాయి” అని విడగొడతాను.

ఇంకొకరు: ‘అయినా’ లేకపోతే పసే లేదు మాస్టారూ. నా ఓటు “కూలినా”కే.