విశాఖ తీర సముద్రంలో ధ్వని ప్రసార నష్టం: లెక్కకూ కొలతకూ పొంతన కుదరడం లేదు

ప్రశ్న:
విశాఖపట్నం ఎదుట సుమారు 60 మీటర్ల లోతున్న సముద్రంలో, ఏప్రిల్ నెలలో, 500 హెర్ట్జ్ ధ్వనిని పంపి 10 కిలోమీటర్ల అవతల హైడ్రోఫోన్‌తో (నీటిలో ధ్వనిని అందుకునే మైకుతో) అందుకున్నాము. ఉదయం ఒక్కసారి దించిన సీటీడీ (నీటి లవణీయత, ఉష్ణోగ్రత, లోతు తెలిపే పరికరం) కొలతల నుంచి ధ్వని వేగం ప్రొఫైల్ (ఏ లోతులో ఎంత వేగమో చూపే పట్టిక) తయారుచేసి, అడుగంతా ఇసుకే అనుకొని, ధ్వనిని కిరణాలుగా లెక్కించే బెల్‌హాప్ అనే కంప్యూటర్ మోడల్‌తో ప్రసార నష్టం (దారిలో ధ్వని ఎంత తగ్గుతుందో) లెక్కవేశాను. కొలతకూ లెక్కకూ మధ్య తేడా ఒక గంటలో 3 డెసిబెల్స్ ఉంటే, మరో గంటలో 10 దాటుతోంది. కాలిబ్రేషన్ సరిచూసుకున్నాము. లోపం మోడల్‌లో ఉందా, నేనిచ్చిన సమాచారంలో ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:
ఆ పౌనఃపున్యానికి, ఆ లోతుకు బెల్‌హాప్ కన్నా, ధ్వనిని తరంగ రీతులుగా (నార్మల్ మోడ్స్) లెక్కించే క్రాకెన్ మోడల్ మేలు. అయితే మోడల్ మార్చినంత మాత్రాన మీ తేడా పోదు, ఎందుకంటే అది ఎక్కువగా మీరిచ్చిన సమాచారంలోనే ఉంది.

ముందు అడుగు సంగతి చూడండి. ఏప్రిల్‌లో పైనీరు వేడెక్కి ఉంటుంది కాబట్టి ధ్వని కిందికి వంగి మాటిమాటికీ అడుగును తాకుతుంది. అడుగు ఇసుక అయితే అందులో ధ్వని వేగం సెకనుకు సుమారు 1700 మీటర్లు, నీటిలో సుమారు 1540 మీటర్లు. అప్పుడు 25 డిగ్రీలకు లోపు వాలుతో తగిలిన ధ్వని దాదాపు పూర్తిగా వెనక్కి వస్తుంది. అదే మెత్తని బురద అయితే అందులో వేగం నీటితో సమానంగానో, ఇంకా తక్కువగానో ఉండవచ్చు, కనుక తాకిన ప్రతిసారీ కొంత శక్తి లోపలికి ఇంకిపోతుంది. 10 డిగ్రీల వాలుతో సాగే కిరణం మీ దూరంలో సుమారు 15 సార్లు అడుగును తాకుతుంది. ఒక్కో తాకిడి దగ్గర అర డెసిబెల్ పొరపాటు జరిగినా చివరికి 7 డెసిబెల్స్ దాటుతుంది.

కానీ అడుగు గంటగంటకూ మారదు. గంటల్లో మారేది నీరు. ఈ తీరంలో అంతర్గత తరంగాలు (నీటి లోపలి పొరల మధ్య కదిలే అలలు) ఉంటాయని 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ కాలం నుంచీ తెలిసిన విషయమే. ఆ తరంగాలు థర్మోక్లైన్‌ను (లోతుతో ఉష్ణోగ్రత వేగంగా పడిపోయే పొరను) పైకీ కిందికీ నెడుతుంటే, ఉదయం తీసిన ప్రొఫైల్ మధ్యాహ్నానికి పనికిరాదు. 28 డిగ్రీల నీటి చోటికి 22 డిగ్రీల నీరు చేరితే ధ్వని వేగం సుమారు 14 మీటర్లు పడిపోతుంది. ఆటుపోట్లనూ వదిలేయకండి: 60 మీటర్ల లోతులో ఒక్క మీటరు పెరిగితే చాలు, 10 కిలోమీటర్ల వద్ద ధ్వని హెచ్చుతగ్గుల నమూనా దాదాపు 300 మీటర్లు జరుగుతుంది. కదలకుండా ఉన్న హైడ్రోఫోన్‌కు అది పెద్ద మార్పుగా కనిపిస్తుంది.

మళ్ళీ ప్రశ్న:
చాలా కృతజ్ఞతలండీ. డిసెంబరులో మళ్ళీ కొలతలు తీస్తాము. అప్పుడు ఎక్స్‌బీటీ (నీటిలోకి జారవిడిచే, ఒక్కసారికే వాడే ఉష్ణోగ్రత కొలమానం) మాత్రమే ఉంటుంది. ఆర్గో (సముద్రాల్లో తమంతట తాము తేలుతూ మునుగుతూ నీటిని కొలిచే ఫ్లోట్ల వ్యవస్థ) సమాచారంతో లోటు పూడ్చుకోవచ్చా?

సమాధానం:
వద్దండీ. ఆర్గో ఫ్లోట్లు సాధారణంగా 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ 2000 మీటర్ల దాకా దిగేవి. తీరపు తక్కువ లోతు నీటి సంగతి అవి చెప్పలేవు. ఎక్స్‌బీటీ కొలిచేది ఉష్ణోగ్రతనే, లవణీయతను కాదు; ధ్వని వేగానికి రెండూ కావాలి. వర్షాకాలం తర్వాత తీర ప్రవాహం ఉత్తరం నుంచి నదుల మంచినీటిని తెచ్చి మన తీరం వెంబడి దక్షిణానికి నడిపిస్తుంది. అప్పుడు పైనీటి లవణీయత (కిలో నీటిలో ఉప్పు గ్రాములు) 34 నుంచి 28కి తగ్గినా, ధ్వని వేగం సుమారు 6 మీటర్లు తగ్గుతుంది. పైనీరు చల్లబడి, కింద వెచ్చని నీరు మిగిలిన రోజుల్లో ధ్వని పైకి వంగుతుంది. అప్పుడు అడుగు ప్రభావం తగ్గి, ఉపరితలపు అలల ప్రభావం పెరుగుతుంది. ఏప్రిల్‌లో నేర్చుకున్న ప్రాధాన్యక్రమం డిసెంబరుకు చెల్లదు. ఎలాగైనా సీటీడీ సంపాదించి, వీలైతే ఒకేచోట గంటగంటకూ దించండి.

లెక్కలో అడుగులోని ధ్వని వేగాన్ని, ప్రొఫైల్‌ను, లోతును ఒక్కొక్కటిగా కదిపి, ఏది ఎన్ని డెసిబెల్స్ మారుస్తుందో చూడండి. తర్వాత అన్నింటినీ కలిపి మాంటే కార్లో పద్ధతిలో (విలువలను యాదృచ్ఛికంగా మారుస్తూ లెక్కను చాలాసార్లు) నడపండి. సగటు తీసేటప్పుడు డెసిబెల్స్‌ను కాక తీవ్రతలను సగటు చేసి, ఆ తర్వాతే డెసిబెల్స్‌లోకి మార్చండి. నివేదికలో ఒకే అంకె రాయకుండా, నూటికి 90 లెక్కలు పడిన పరిధిని రాసి, మీ కొలత అందులో ఎక్కడ ఉందో చూపండి.