కూర్బే ‘స్టోన్ బ్రేకర్స్’కి తెలుగులో ఏం పేరు పెడదాం?

ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే బొమ్మల ప్రదర్శన మీద మా పత్రికకి వ్యాసం రాస్తున్నానండీ. 1849లో ఆయన వేసిన ‘స్టోన్ బ్రేకర్స్’ని ‘రాళ్లు కొట్టేవాళ్లు’ అంటే సరిపోతుందా? ‘శిలాభేదకులు’ బాగుంటుందని ఒక మిత్రుడి సలహా.

— శిలాభేదకులు వద్దండీ బాబూ, పాషాణభేది మూలికకి అన్నదమ్ముల్లా ఉన్నారు! ‘రాళ్లు కొట్టేవాళ్లు’ అన్నా చిక్కే. మామిడికాయలకా, పోలీసులకా అని అడుగుతారు. కూర్బే సంగతి తెలిసినవాళ్లు పోలీసులకే అనుకుంటారు: 1871లో ‘పారిస్ కమ్యూన్’ అనే ప్రజా తిరుగుబాటులో నెపోలియన్ విజయాల గుర్తు వాందోమ్ స్తంభం కూల్చిన కేసులో ఆరు నెలల జైలు శిక్ష పడినవాడాయె. బొమ్మలో ఉన్నది మాత్రం రోడ్డు పని. ముసలాయన మోకాలి మీద కూర్చుని సుత్తి ఎత్తాడు. కాళ్లకి చెక్కజోళ్లు, మేజోళ్లు చిరిగి మడమలు బయటపడ్డాయి. ఇది అచ్చంగా కంకర కొట్టడమే. ‘కంకర కొట్టేవాళ్లు’ అనేయండి.

— కంకర అంటే ఇప్పుడు క్రషరే గుర్తొస్తుంది కదండీ. పైగా ఆ కుర్రాడు కొట్టడం లేదు, మనకి వీపు పెట్టి రాళ్ల తట్ట ఎత్తుతున్నాడు. ‘కంకర కూలీలు’ అంటే ఇద్దరూ వచ్చేస్తారు.

— ‘కూలీలు’ అనగానే మనకి జెండా కనబడుతుందండీ. ఫ్రెంచి పేరులో అది లేదు, చేసే పని పేరే ఉంది. దారిలో వీళ్లని చూసి, మర్నాడు తన స్టూడియోకి రమ్మన్నానని కూర్బే ఉత్తరంలో రాసుకున్నాడు. రాజులకీ దేవతలకీ వాడే కొలతలో, రెండున్నర మీటర్ల వెడల్పు కాన్వాసు మీద వీళ్లని పెట్టడమే ఆయన చేసిన తిరుగుబాటు. పేరులో మనం ఇంకో తిరుగుబాటు చేయక్కర్లేదు. అసలు ‘రియలిస్టు’ (ఉన్నదున్నట్టు వేసేవాడు) అన్న బిరుదే నాకు అంటగట్టారని 1855 కేటలాగులో విసుక్కున్నాడు. అదే ఏడు సొంత ఖర్చుతో పెట్టిన ప్రదర్శనకి ‘రియలిజం’ అని బోర్డు కట్టిందీ ఆయనేననుకోండి! నా ఓటు కూడా ‘కంకర కొట్టేవాళ్లు’కే. తట్ట ఎత్తే కుర్రాణ్ణి ‘కంకర కొట్టే పనికి వెళ్లాడు’ అని మనం అనమూ?

— సరేనండీ, అదే ఖాయం.

— ఒక్క మాట. ఆ బొమ్మ 1945లో, రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గర బాంబు దాడిలో పోయింది. ఫొటో కింద ఆ ముక్క వేయండి, లేకపోతే ప్రదర్శనకి వెళ్లినవాళ్లు గది గదీ వెతుక్కుంటారు.