చదువుడు సవాలు: ఏడాదికి 24 పుస్తకాలు, తెలుగువాటి లెక్క ఎట్ల రాయాలె?

భద్రకాళి గట్టు (హన్మకొండ)
కొత్త ఏడాదికి చదువుడు సవాలు పెట్టుకుంటున్నం. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాక 24 పుస్తకాలు, అండ్ల సగం తెలంగాణ రచయితలవి. ఈమధ్య చదివినవి: వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, నవీన్ ‘అంపశయ్య’. సామల సదాశివ ‘యాది’ నడుస్తున్నది. మొదటి రెండు సాఫీగ పోతయి. ‘అంపశయ్య’ అట్ల కాదు. హాస్టల్ పిల్లగాడు రవి మనసుల ఒక్క రోజు తిరిగేదంత నవల, రోజుకు పది పేజీల చొప్పున చదివితే దారం తెగిపోతది. రెండు మూడు బైఠకుల్ల ముగించాలె.
అడిగేదేందంటే, 24 ఎక్కువనా తక్కువనా? చదివిన పుస్తకాల లెక్క రాసుకునే సైటు గుడ్‌రీడ్స్‌ల పాత తెలుగు పుస్తకాలు దొరుకుతలేవు, ఎట్ల ఎక్కియ్యాలె? కొనకుంట మన దగ్గర ఏడ తెచ్చుకోవాలె?

గనుల గాలి (గోదావరిఖని)
24 అంటే నెలకు రెండు అని అందరు లెక్కేస్తరు, ఆడనే దెబ్బతింటరు. మార్చిల పిల్లల పరీక్షలు, ఎండకాలం పెండ్లిళ్లు, బతుకమ్మ దసరాకు ఒక నెల. తొమ్మిది నెలలే చేతిల ఉన్నయనుకొని లెక్క కట్టున్రి, అప్పుడు నెలకు మూడు పడుతయి. కాదనుకుంటే 18 పెట్టున్రి. లావు పుస్తకం జనవరిల ముట్టద్దు. మొదటి నెలనే వెనకబడ్డోళ్లు మార్చి కల్లా సవాలు ఇడిచిపెడ్తరు. సన్నవి రెండు ముందల, లావుది వానకాలంల.
ఇంకోటి, మీరు ఆళ్వారుస్వామి ‘గంగు’ను దాటేసిన్రు. ‘ప్రజల మనిషి’, ‘గంగు’, ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ ఈ వరుసల చదివితే నిజాం కాలం నుంచి పోలీసు చర్య తర్వాతి దాక ఒక్కటే కథ లెక్క నడుస్తది. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ లేని జాబితాను సగం తెలంగాణ అంటే నేనొప్ప.

అరల మనిషి (కరీంనగర్)
ఎక్కించడం గురించి చెబుతాను. గ్రంథాలయ శాస్త్రం చదివి అదే వృత్తిగా చేసినవాణ్ణి, ఇక్కడ ఊహలకు తావు లేదు.
వెనక అట్ట మీద 81తో మొదలయ్యే పది అంకెల పుస్తక గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్ ఉంటే అది 2007కు ముందరి పద్ధతి. దానికి ముందు 978 తగిలించి వెతుకుతారు, దొరకదు. ఎందుకంటే చివరిది తనిఖీ అంకె, అది కూడా మారుతుంది. పాత చివరి అంకె తీసేయండి. మిగిలిన తొమ్మిదికి ముందు 978 పెట్టండి. ఆ పన్నెండు అంకెల్ని వరుసగా 1, 3, 1, 3తో గుణించి కూడండి. మొత్తం పై పదికి చేరడానికి ఎంత తక్కువైందో అదే కొత్త చివరి అంకె. సరిగ్గా పదుల్లోనే ఆగితే సున్నా. పది అంకెలవాటిలో చివర ఎక్స్ ఉండొచ్చు, పదమూడు అంకెలవాటిలో ఉండదు.
నంబరే లేని పుస్తకమైతే చేత్తో చేర్చాలి. పేరు, రచయిత, ప్రచురణకర్త, పేజీలు, ముద్రణ ఏడాది. ‘ప్రథమ ముద్రణ’ కింద ‘పునర్ముద్రణ’ అని ఉంటే మీ చేతిలోని ప్రతికి రెండో ఏడాదే వేయాలి. చేర్చేముందు రెండు రాతల్లోనూ వెతకండి. ‘దేవుళ్లు’ అని కొడితే ‘దేవుళ్ళు’ అని ఎక్కించింది కనబడకపోవచ్చు, మనుషులకు ఒకటే అయినా యంత్రానికి రెండు. ఒకే నవల నాలుగు చోట్ల తేలడానికి కారణం ఇదే. చివరగా, చదివి ముగించిన తేదీ వేయకపోతే అది ఆ ఏడాది సవాలులో కలవదు.

మానేరు పిట్ట (సిరిసిల్ల)
అసలు పుస్తకాల లెక్కనే తప్పు. అరవై పేజీల కవితా సంపుటి ఒకటి, ఆరు వందల పేజీల నవల ఒకటి, రెండిటికి ఒకే మార్కా? అసుంటిదే ఇంకో సైటు స్టోరీగ్రాఫ్‌ల పేజీల లక్ష్యం పెట్టుకోవచ్చు. 24 పుస్తకాల బదులు ఆరు వేల పేజీలు పెట్టున్రి, దొంగాటకు జాగ ఉండది.

పాత అచ్చు (హుజూరాబాద్)
పేజీల లెక్కల దొంగాట ఉండదా? చిన్న సైజు పుస్తకం క్రౌనుకు, పెద్ద సైజు డెమ్మీకి తేడా తెల్వకుంట పేజీలు లెక్కపెట్టుడేంది తమ్మీ. 1/8 క్రౌను పుస్తకంల పేజీకి 25 వరుసలు, వరుసకు ఆరు మాటలు, అంటే 150. 1/8 డెమ్మీల 33 వరుసలు, తొమ్మిది మాటలు, దగ్గర దగ్గర 300. ఒకే నవల పాత క్రౌను ముద్రణల 300 పేజీలుంటే, డెమ్మీల మళ్ల వేసినప్పుడు 160కి దిగుతది. పాతది పట్టుకున్నోడు గెలిచిండు, కొత్తది కొన్నోడు ఓడిండు. గిదేనా న్యాయం?
లెక్క కావాల్నంటే మాటల లెక్క కట్టు. నిండుగ ఉన్న పేజీ తీసి మూడు వరుసల మాటలు లెక్కపెట్టి సగటు తియ్యి, వరుసలతోని, పేజీలతోని గుణించు. పేరాల చివర ఖాళీలకు పదో వంతు కొట్టెయ్యి. సంభాషణలెక్కువున్న నవలైతే ఐదో వంతు.

మానేరు పిట్ట
మాటల లెక్క ఇంకా ఘోరం. సమాసాలు రాసేటోళ్లది వరుసకు మూడు మాటలు, వాడుక భాషల రాసేటోళ్లది ఎనిమిది. నాలుగు పదాలు అతికించి ఒకటి చేసిన పుస్తకం చదివినోడు నష్టపోవాల్నా? అక్షరాలు లెక్కపెట్టు మరి, కూసొని.

పాత అచ్చు
నేను ప్రెస్సుల పుట్టి పెరిగినోన్ని. ఫారం, అంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చయ్యే భాగం, 16 పేజీలని, పుస్తకం పేజీలు ఫారాల లెక్కనే వస్తయని తెల్వనోళ్లు నాకు లెక్కలు చెప్పుడు. చివర రెండు మూడు పేజీలు ఎందుకు ఖాళీగ ఉంటయో ఎన్నడన్న ఆలోచించినవా? అవి కూడ మీ స్టోరీగ్రాఫ్ పేజీలల్ల కలుస్తయి.

జగిత్యాల అక్క
కవిత్వం సంగతేంది? సినారె ‘విశ్వంభర’ మాటల లెక్కన ఒక పొద్దుల అయిపోతది. 1988ల జ్ఞానపీఠం వచ్చిన కావ్యం, మీ లెక్కల అది సగం నవలకు కూడ సరిరాది. కవిత్వానికి వేరే గంప పెట్టున్రి: నెలకొకటి, రెండుసార్లు చదివితేనే లెక్క. అండ్ల ఒకసారి పైకి చదవాలె. కాళోజీ ‘నా గొడవ’ కండ్లతోని చదివితే సగమే అందుతది.

బమ్మెర బాట (జనగామ)
పోతన భాగవతం ఒకటిగా రాయాలా, పన్నెండుగా రాయాలా? స్కంధాలు పన్నెండు కదా.

గనుల గాలి
పన్నెండు రాస్తే సగం సవాలు అక్కడికే ఖతం. మంచి ఉపాయమే.

బమ్మెర బాట
ఎగతాళి ఎందుకు? గద్యపద్యాలు కలిపి సుమారు తొమ్మిది వేలు. రోజుకు 25 చొప్పున ఏడాది పడుతుంది. దాన్ని ఒక్కటిగా వేస్తే మిగిలిన 23 ఎప్పుడు చదవాలి? అదీగాక అన్నీ పోతనవి కావు. ఐదోది గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ రాసినవి. నలుగురు రచయితలు, పన్నెండు స్కంధాలు.

అరల మనిషి
పన్నెండు కాదు, సంపుటాల సంఖ్యే ప్రమాణం. విడి ముద్రణ వివరాలతో ఎన్ని సంపుటాలుంటే అన్ని. మూడు సంపుటాల ప్రతి చదివితే మూడు, ఒకే బైండు అయితే ఒకటి. ఇందులో వాదనకేమీ లేదు.

బమ్మెర బాట
అంటే పుస్తకం ఎన్నో బైండరు తేలుస్తాడన్నమాట. బాగుంది సార్ శాస్త్రం.

అరల మనిషి
శాస్త్రాన్ని వెక్కిరించడం తేలిక. గ్రంథాలయాల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 అని, కవిత్వానికి 1, కల్పనా సాహిత్యానికి 3 చివర చేరతాయని తెలిసినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి.

జగిత్యాల అక్క
సార్, చేతులెత్తెతందుకు ఇది బడి కాదు. బమ్మెర తమ్మీ, మొదటి స్కంధం నుంచి షురూ చేస్తే మధ్యల ఆగిపోతవు. ఏడుల ప్రహ్లాదుడు, ఎనిమిదిల గజేంద్రుడు, వామనుడు, పదిల రుక్మిణి. ఈ మూడు స్కంధాలు ముందు చదువు, నడక పట్టుబడుతది. టీకా తాత్పర్యం ఉన్న ప్రతే తీసుకో. పద్యం, తాత్పర్యం, మళ్ల పద్యం. తాత్పర్యాలే చదివి పూర్తయిందని రాసుకునుడు మాత్రం మోసం.

మేడారం తొవ్వ (ములుగు)
నవీన్ ‘కాలరేఖలు’, ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ మూడు కలిసి ఒకటే కథ. అవి మూడేనా, ఒకటా? 2004ల సాహిత్య అకాడమీ అవార్డు మొదటిదానికే వచ్చింది కాబట్టి మూడనే నా లెక్క.

భద్రకాళి గట్టు
అన్నలూ, అక్కా, పుస్తకాలు ఏడ దొరుకుతయో ఎవరు చెప్పలే.

పాత అచ్చు
ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నరు గదా, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పోయి సభ్యత్వం తీసుకోండ్రి. హన్మకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904ల పెట్టింది, మన ఊరోళ్లే మరిచిపోతే ఎట్ల. సెలవు దినాలు చూసుకొని పోవాలె. పోయేముందు పేర్లు కాగితం మీద రాసుకపోండ్రి, ప్రచురణకర్త పేరుతో సహా. నవల అనుకొని అడిగితే దాని మీద రాసిన విమర్శ చేతిల పెడ్తరు.

మానేరు పిట్ట
లైబ్రరీ ఎందుకు, పాత పుస్తకాల స్కాన్లు పెట్టే సైటు ఆర్కైవ్‌ల పీడీఎఫ్‌లు కుప్పలు ఉన్నయి. దించుకునుడే.

మేడారం తొవ్వ
దొరికిందల్ల దించుకోవద్దు. మన దేశంల రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏండ్లు హక్కులుంటయి. సురవరం ప్రతాపరెడ్డి 1953ల పోయిండు, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 2014 జనవరి నుంచి అందరిది. ఆళ్వారుస్వామి 1961, ఆయనవి 2022 జనవరి నుంచి. రంగాచార్య 2015ల పోయిండు, 2075 ముగిసేదాక హక్కులు వారసులవే. స్కాన్ అయి కనబడ్డంత మాత్రాన హక్కు పోది. పాత పుస్తకానికి కొత్తగ ముందుమాట, టిప్పణి రాస్తే వాటి హక్కు మళ్ల వేరే.

మానేరు పిట్ట
అచ్చుల లేని పుస్తకాన్ని ఏడ కొనాలె మరి? హక్కులున్నోళ్లు వెయ్యరు, చదివేటోళ్లను దొంగలంటరు.

మేడారం తొవ్వ
నేను దొంగ అనలే. నీకు నువ్వే అనుకున్నవు.

గనుల గాలి
పీడీఎఫ్ చదివేటోళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండ్రి. పాత స్కాన్లల్ల పేజీలు దాటిపోయినయి, రెండుసార్లు వచ్చినయి ఉంటయి. మొదలుపెట్టకముందే ముద్రిత పేజీ నంబర్లు పదేసి పేజీలకోసారి చూసుకుంట పోవాలె. స్కాన్ నంబరు, ముద్రిత నంబరు మధ్య తేడా ఒక్క తీరుగ ఉంటే నడుమ పేజీలు ఎగరనట్టు. నడుమ తేడా మారిందంటే ఆడ పేజీ ఎగిరింది, లేకుంటే రెండుసార్లు పడ్డది. నడుమ అధ్యాయం లేదని సగం చదివినంక తెలుసుడు కంటే ఇది నయం.

జగిత్యాల అక్క
పాతవి కొనేటోళ్లు ఇంటికి తేంగనే అరల పెట్టద్దు. లోపల సన్న పురుగులుంటే పక్కవాటికి ఎక్కుతయి. ప్లాస్టిక్ సంచిల మూతిగట్టి, నాలుగు కలరా ఉండలు గుడ్డల చుట్టిపెట్టి రెండు వారాలు ఉంచాలె. ఎండల పరిస్తే కాగితం పెళుసైతది, నీడల గాలికి పెట్టాలె. చినిగిన పేజీకి సెల్లోటేపు వేయద్దు. జిగురు గోధుమరంగుకు తిరిగి కాగితాన్ని తింటది.

పాత అచ్చు
అక్క చెప్పింది నిజం. మైదా పలుచగ ఉడికిచ్చి, దించేముందు చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టది. అది విషం, వంటగిన్నెల కలపద్దు, పిల్లలకు అందనియ్యద్దు. సన్న కాగితం ముక్క చినుగు వెంబడి అతికి, పైన మైనం కాగితం, బరువు పెట్టి రాత్రంత ఉంచాలె. మైనం కాగితం మరిస్తే రెండు పేజీలు ఒకటైతయి.

బమ్మెర బాట
అప్పుడు దాన్ని ఒక పేజీగా లెక్కించాలా, రెండుగానా? అరల సార్ చెప్పాలి.

అరల మనిషి
నేను ఈ చర్చలో ఇక మాట్లాడను.

భద్రకాళి గట్టు
సరే. 24 కాదు, 18 పెడుతున్న. సంపుటం అంటే సంపుటమే, కవిత్వం రెండుసార్లు చదివితేనే. ‘గంగు’ ఎవరి దగ్గరన్న ఉంటే చెప్పున్రి, వారంల తిరిగిస్త.

మేడారం తొవ్వ
‘కాలరేఖలు’ మూడా, ఒకటా?